ఇడ్లీ కూడదు, కాఫీ కూడదు... మరి పొద్దున్నే ఏం తినాలి?

ప్రశ్న: నా వయసు 47. ఆరేళ్ళుగా థైరాయిడ్ జబ్బు వుంది. 'హషిమోటో' అన్నారు. రోజూ 75 మైక్రోగ్రాముల బిళ్ళ వేసుకుని, వెంటనే కాఫీ తాగడం అలవాటు. అయినా నీరసం, వేళ్ళ కీళ్ళ నొప్పులు, జుట్టు రాలడం తగ్గలేదు. అమెరికాలో వున్న మా అమ్మాయి 'ఆటోఇమ్యూన్ పేలియో' అనే పథ్యం చెయ్యమని పెద్ద జాబితా పంపింది. అందులో బియ్యం, గోధుమ, పప్పులు, పాలు, పెరుగు, గుడ్డు, టొమాటో, వంకాయ, మిరపకాయ, చివరికి కాఫీ కూడా కూడదట! మిగిలింది మంచినీళ్ళేనా అని మావారు నవ్వుతున్నారు. కాఫీ మానిన మర్నాడే తలనొప్పితో మంచం పట్టాను. ఈ పథ్యంతో జబ్బే పోతుందన్న ఆశతో రెండు వారాలుగా బిళ్ళ కూడా మానేశాను. ఇది మంచిదేనా? పొద్దున్నే ఏం తినాలి? కాఫీ బదులు ఏం తాగాలి? మేము చేపలు, మాంసం తింటాం.
— ఒక సోదరి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. బిళ్ళ మానడం పొరపాటు. రేపు పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టండి. మీ డాక్టరుకు కూడా రెండు వారాలు మానిన సంగతి దాచకుండా చెప్పండి. (గుండెజబ్బు వున్నవారైతే డాక్టరును అడిగిన తరువాతే మళ్ళీ మొదలుపెట్టాలి.)

రెండు వారాలు మానినా నాకేమీ కాలేదే అని మీరనుకోవచ్చు. అక్కడే వుంది చిక్కు. ఈ మందు ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. సగం తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అందువల్ల మానిన కొత్తల్లో తేడా తెలియదు. 'పథ్యం పనిచేస్తోంది, మందు అక్కర్లేదు' అన్న భ్రమ కలుగుతుంది. ఆ తరువాత ఒళ్ళు బరువెక్కడం, మలబద్ధకం, చలి, మతిమరుపు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి.

ఇక మీ జబ్బు సంగతి. 1912లో జపానుకు చెందిన హకారు హషిమోటో అనే శస్త్రవైద్యుడు నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులను పరీక్షించి ఈ వ్యాధిని వర్ణించాడు. ఆయన పేరే దీనికి స్థిరపడింది. మన శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి సొంత గ్రంథిమీద దాడి చెయ్యడం దీనికి కారణమని 1956లో తేలింది. ఇలాంటి జబ్బులనే 'ఆటోఇమ్యూన్' జబ్బులంటారు. కొన్నిరకాల కీళ్ళవాతం, సోరియాసిస్, పేగుపూతలు కూడా ఈ కోవలోవే. దాడివల్ల గ్రంథి దెబ్బతిని హార్మోను తయారు చెయ్యలేకపోతే, ఆ లోటును బిళ్ళ తీరుస్తుంది. ఆ పని ఏ దుంపా, ఏ కషాయమూ చెయ్యలేదు.

మరి ఈ పథ్యం ఎక్కడిది? రాతియుగపు మనిషి తిన్నట్టు తినాలంటూ 2002లో లోరెన్ కార్డెయిన్ అనే అమెరికా ఆచార్యుడు ఒక పుస్తకం వ్రాశాడు. ధాన్యాలు, పప్పులు, పాలు మానమన్నది 'పేలియో'. దానికి గుడ్లు, గింజలు, గింజలతో చేసే మసాలాదినుసులు, వంకాయ జాతి కూరలు, కాఫీ కూడా చేర్చి మరింత బిగించినదే మీ అమ్మాయి పంపిన జాబితా. దీన్ని జీవితాంతం చెయ్యమని ఎవరూ అనలేదు. ఒకటి నుంచి మూడు నెలలు అన్నీ మాని చూసి, తరువాత ఒక్కొక్క పదార్థాన్నే తిరిగి చేరుస్తూ, ఏది పడడం లేదో కనిపెట్టడమే దీని ఉద్దేశం.

ఫలితం వుందా? కొంత వుంది. కాని చిన్న పరిశీలనలే జరిగాయి. 2017లో అమెరికాలో పేగుపూత జబ్బులున్న 15 మందిచేత ఈ పథ్యం చేయిస్తే, ఆరో వారానికి 11 మందికి బాధలు ఉపశమించాయి. అయితే పోల్చిచూడడానికి పథ్యం చెయ్యని మరో జట్టు అందులో లేదు. 2019లో హషిమోటో వున్న 16 మంది స్త్రీలు పది వారాలు చేశారు. హుషారు పెరిగిందన్నారు, ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష అంకె కూడా తగ్గింది. కాని థైరాయిడ్ హార్మోనులలోగాని, గ్రంథిమీద దాడిచేసే యాంటీబాడీలలోగాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే పథ్యంవల్ల మీకు సుఖం కలిగితే కలగవచ్చు. మందుకు బదులుమాత్రం కాదు.

అసలు మీ నీరసానికి ఇంకో కారణం మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. బిళ్ళ వేసుకోగానే కాఫీ తాగితే మందు పేగుల్లో సరిగా ఇంకదు. పరగడుపున ఒట్టి నీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీగాని, దాని బదులు తాగేదిగాని ఆ తరువాతే. కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతుంటే నాలుగు గంటల ఎడం వుండాలి. ఆరేళ్ళుగా మీరు మందు వేసుకుంటున్నా అందులో ఎంత ఒంటబట్టిందో చెప్పలేం. కాబట్టి ఇలా సరిగ్గా ఆరు నుంచి ఎనిమిది వారాలు వేసుకుని టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించండి. రక్తహీనత, బి12, డి విటమిన్ కూడా చూపించుకోండి. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు మింగుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. గోధుమ మానే ముందే 'సీలియాక్' రక్తపరీక్ష చేయించడం మంచిది. మానిన తరువాత చేయిస్తే జబ్బు వున్నా బయటపడకపోవచ్చు. మీరు ఇప్పటికే మానేసి వుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ చేస్తూ, సరదాగా ఒక నెల పథ్యం చేసి చూస్తానంటే అభ్యంతరం లేదు. మిగిలింది మంచినీళ్ళే కాదని మీవారికి చెప్పండి. పొద్దుటి ఫలహారానికి ఇవిగో కొన్ని మార్గాలు:

చిలగడదుంప: కొందరు గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో మొరంగడ్డ అంటారు. ఆవిరిమీద ఉడికించి, తొక్కతీసి ముక్కలు చేసి, కొబ్బరినూనెలో కరివేపాకు, అల్లం, పసుపు వేసి మగ్గించండి. దించాక కొబ్బరికోరు చల్లి నిమ్మరసం పిండండి. ఉప్మా తిన్న తృప్తి వుంటుంది.

అరటికాయ: ఉడికించి చిదిమి, ఉల్లిపాయ, అల్లం, కొత్తిమీర కలిపి బిళ్ళలుగా తట్టి పెనంమీద కొబ్బరినూనెతో కాల్చండి. చట్నీకి పచ్చికొబ్బరి, పుదీనా, చింతపండు, ఉప్పు చాలు. పుట్నాలపప్పు, పచ్చిమిర్చి వెయ్యకూడదు.

కంద బచ్చలి: గోదావరి జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. చింతపండు పులుసుతో మెత్తగా ఉడికిస్తే దురద వుండదు. ఆవపిండిమాత్రం ఈ నెల మరచిపొండి.

చేపలు: మీది నెల్లూరు! రాత్రి పులుసు మర్నాటికి రుచి అని మీకు నేను చెప్పాలా? ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పసుపు, చింతపండు, మామిడికాయ వెయ్యండి. కారం, మెంతులు, ఆవాలు, టొమాటో వద్దు. రాత్రి మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న బాగా మరగనివ్వండి. మిరపకాయ లేని పులుసు పులుసేనా అంటారు. మిరపకాయ మనదేశానికి పోర్చుగీసువారి రాకతో వచ్చింది. అంతకుముందు కూడా మనవాళ్ళు పులుసు కాచుకునే వుంటారు కదా!

మాంసరసం: పొద్దున్నే మాంసమా అని వింతపడకండి. హైదరాబాదు పాతబస్తీలో తెల్లవారుజామున పాయా, నహారీ తినడం పాత అలవాటే. మేకకాళ్ళుగాని, కోడి ఎముకలుగాని అల్లం, వెల్లుల్లి, దాల్చినచెక్క వేసి బాగా మరిగించి, అందులో సొరకాయ, గుమ్మడికాయ, మునగాకు ఉడికించుకోండి. మిరియాలు కొన్ని జాబితాల్లో వున్నాయి, కొన్నిట్లో లేవు. మొదటి నెల మానండి.

దుంపలు ఒక్కటే తింటే మాంసకృత్తులు అందవు. కాబట్టి రోజూ పొద్దుట దుంపతోబాటు చేపగాని, మాంసంగాని కొంచెమైనా వుండాలి. సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి తీసిన పిండిపదార్థమే. జాబితాలో వుంది కదా అని రోజూ తినవద్దు. బజారులో దొరికే ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది గనుక డబ్బామీద చదివి చూసుకోండి.

ఇప్పుడు కాఫీ. అలవాటు పడ్డవారు ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటలలో తలనొప్పి మొదలై, కొందరికి వారం పైగా కూడా వుంటుంది. మీకు వచ్చింది అదే. భయపడనవసరం లేదు. పది రోజులలో మెల్లగా తగ్గించండి. మన ఫిల్టరు కాఫీలో ఎలాగూ చికోరీ వుంటుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. పాళ్ళు పాకెట్టుమీద వేస్తారు. వేయించిన చికోరీ పొడి విడిగా కొని, మీ కాఫీపొడిలో మొదట పాతిక వంతు, మూడు రోజులకు సగం, మరో మూడు రోజులకు ముప్పాతిక వంతు కలుపుతూ, పదో రోజుకు పూర్తిగా చికోరీమీదికి రండి. చికోరీ ఒక మొక్క వేరు. అందులో కెఫీన్ లేదు, పథ్యానికి అడ్డు కాదు. చెంచాడు పొడి కప్పు నీళ్ళలో రెండు నిమిషాలు మరిగించి వడకట్టండి. పాల బదులు చిక్కటి కొబ్బరిపాలు, అదీ పొయ్యిమీద నుంచి దించాకే పొయ్యాలి. మరిగితే విరుగుతాయి. కడుపుబ్బరం వుంటే చికోరీ తగ్గించండి. గర్భిణులు వాడవద్దు.

ఇంకా కావాలంటే శొంఠి, దాల్చినచెక్క కాచిన నీళ్ళు, నిమ్మగడ్డి-అల్లం, తులసి-పుదీనా కషాయాలు వున్నాయి. పాలు లేని పలచటి తేనీరు కూడా ఫరవాలేదు, కాని అందులో కెఫీన్ వుంటుంది. మన పెద్దలు తాగిన ధనియాల కాఫీ మంచిదే. అయితే ధనియాలు గింజలు గనుక మొదటి నెల తరువాత. రాగిజావ కూడా అంతే.

కాఫీ మానితే హషిమోటో తగ్గుతుందని రుజువేమీ లేదు. నెల తరువాత మీకు కాఫీ పడుతోందని తేలితే, బిళ్ళకు గంట ఎడంగా, హాయిగా తాగండి.

కొన్ని హెచ్చరికలు. ఈ పథ్యానికి చెప్పే రంగురంగుల ఉప్పులు, సముద్రపు నాచు పొడులు మీకు వద్దు. నాచులో అయోడిన్ మితిమీరి వుంటే జబ్బు ముదరవచ్చు. మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడండి. శాకాహారులు ఈ పథ్యం జోలికి పోకపోవడమే మేలు. పప్పు, పాలు, గుడ్డు, గింజలు అన్నీ మానితే వారికి మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి? గర్భిణులు, పిల్లలు, మూత్రపిండాల జబ్బువారు, బక్కచిక్కినవారు చెయ్యకూడదు. మధుమేహానికి మందు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

నెల దాటాక ముందు గుడ్డు పచ్చసొన, తరువాత నెయ్యి, తరువాత జీలకర్ర, ధనియాలు వంటివి, ఒక్కొక్కదానికి అయిదారు రోజుల ఎడం ఇస్తూ చేర్చండి. రోజూ నొప్పి, నిద్ర, విరేచనం ఎలా వున్నాయో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. ఏ తేడా కనిపించకపోతే పథ్యం మానేసి నిశ్చింతగా ఇడ్లీ తినండి. మీ అమ్మాయి ఏమీ అనుకోదు. ఆమె కోరేది మీ ఆరోగ్యమే కదా!

వేళ్ళ కీళ్ళు పొద్దున్నే గంటసేపు పట్టేసినట్టున్నా, వాచినా, దాన్ని థైరాయిడ్ ఖాతాలో వెయ్యకుండా కీళ్ళవాతం పరీక్షలు వెంటనే చేయించుకోండి. ఎనిమిది వారాల తరువాత టి.ఎస్.హెచ్. ఎంత వచ్చిందో తప్పక వ్రాయండి.