తాళంచెవి ఎవరి చేతిలో? అనుమానం ఎవరి మీద?

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్దనున్న కియా కార్ల కర్మాగారం నుంచి వందలాది ఇంజన్లు మాయమయ్యాయన్న ఫిర్యాదు 2025 మార్చిలో పోలీసులకు చేరింది. తొలుత తొమ్మిది వందలన్నారు. తరువాత పోలీసు పత్రాల్లో ఆ సంఖ్య వెయ్యి దాటింది. ఇంజను జేబులో వేసుకుని పోగలిగే వస్తువు కాదు. దానిని ఎత్తడానికి యంత్రం, మోయడానికి లారీ, గేటు దాటించడానికి కాగితం కావాలి. అవన్నీ దొరికాయి. అక్కడ పనిచేసి వెళ్లిన ఇద్దరు మాజీ ఉద్యోగులు పాత సామాన్ల వ్యాపారులతో కుమ్మక్కై, నకిలీ ఇన్వాయిసులు, గేట్ పాసులు సృష్టించి, దొంగ నంబర్లున్న లారీలలో సరుకును ఢిల్లీ దాకా తరలించారన్నది పోలీసుల ఆరోపణ. నేరం న్యాయస్థానంలో రుజువు కావలసి ఉంది. నిందితుల మతమేమిటని నేను అడగను, ఎవరూ అడగకూడదు. నేను అడిగేది ఒక్కటే: ఏళ్ల తరబడి ఆ లారీలు ఏ దారిన పోయాయి? గోడ దూకి పోలేదు. కాగితం చూపించి, గేటు తెరిపించుకుని పోయాయి.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు ఎత్తుతున్నానో చెబుతాను. నాకు తెలిసిన ధర్మవరం కుర్రవాడొకడు బి.కాం. పూర్తిచేసి, ఒక సంస్థలో కంప్యూటర్ నమోదు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. అతనితోపాటు ఎంపికైనవారు మొదటిరోజే గుర్తింపు కార్డులు మెడలో వేసుకుని లోపలికి వెళ్లారు. ఇతనిని మాత్రం "వెరిఫికేషన్ ఇంకా పూర్తి కాలేదు" అని గేటు దగ్గరే ఆపారు. వారం, నెల, మూడు నెలలు గడిచాయి. కారణం రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. 2025 ఆగస్టులో ధర్మవరంలో ఉగ్రవాద సంబంధాల ఆరోపణపై ఒక అరెస్టు జరిగింది. ఆ కేసును తేల్చవలసింది న్యాయస్థానం. కాని ఆ తరువాత గేటు దగ్గర ఇతనిని అడిగిన ప్రశ్న "మీది ధర్మవరమేనా?" అని. నా దగ్గరకు వచ్చి ఆ పిల్లవాడు అన్నమాట ఇది: "చాచా, నా పేరు చూసి ఆపారా, నా ఊరు చూసి ఆపారా? అదైనా చెబితే బాగుండేది."

"భద్రత ముఖ్యం కాదా? జాగ్రత్త కోసం నలుగురిని ఆపితే నష్టమేమిటి?" అని కొందరు విజ్ఞులు వాదిస్తారు. భద్రత ముఖ్యమే. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా గడిపినవాడిని, అందులో ఆరేళ్లు రికార్డు రూము తాళంచెవి నా జేబులోనే ఉండేది. ఒక్క ఫైలు పోతే ఎన్ని కుటుంబాల భూమి గల్లంతవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. సోదా వద్దని గాని, కెమెరా వద్దని గాని, వేలిముద్ర వద్దని గాని నేను అనను. పర్దా పాటించే ఆడపిల్లను ముఖం చూపించమనడం కూడా తప్పు కాదు. ఒక స్త్రీ ఉద్యోగి ఎదుట, చాటున ఆ ఏర్పాటు చేస్తే చాలు. నా అభ్యంతరం వేరు. పేరును బట్టి అనుమానించడం భద్రత అనిపించుకోదు. అది భద్రతకే చేటు.

ఎందుకంటే, కాపలా చూపు ఒక గడ్డం మీద, ఒక టోపీ మీద నిలిచినంతసేపు, తాళంచెవి పట్టుకున్న చేతి మీద నిలవదు. 2015 ఫిబ్రవరిలో ఢిల్లీలోని శాస్త్రిభవన్ నుంచి పెట్రోలియం మంత్రిత్వశాఖ పత్రాలు బయటకు పోయిన వ్యవహారం వెల్లడైంది. మారు తాళాలు, నకిలీ గుర్తింపు కార్డులతో రాత్రిపూట లోపలికి చొరబడ్డారని పోలీసులు చెప్పినవారిలో, లోగడ అక్కడే తాత్కాలికంగా పనిచేసి వెళ్లినవారున్నారు. పని మానినవాడికి తాళం ఎలా మిగిలింది? 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబయి శాఖలో పదమూడు వేల కోట్ల రూపాయలకు మించిన మోసం బయటపడింది. విదేశాలకు సందేశాలు పంపే కంప్యూటర్ వ్యవస్థను లోపలివారే దుర్వినియోగం చేశారనీ, ఆ సందేశాలు బ్యాంకు సొంత ఖాతాల వ్యవస్థలో నమోదే కాలేదనీ తేలింది. ఎర్రమంచి, ఢిల్లీ, ముంబయి మూడుచోట్లా ఒకటే పాఠం: అధికారం ఇచ్చిన తరువాత ఆ అధికారాన్ని ఎవరూ లెక్క అడగలేదు.

లెక్క అడిగే పద్ధతి కొత్తదేమీ కాదు. మా రికార్డు రూములో ఒక పాత రిజిస్టరు ఉండేది. ఏ ఫైలు, ఏ తేదీన, ఎవరి చేతికి వెళ్లింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, ఎదురుగా సంతకం. ఒకసారి ముఖ్యమైన భూమి ఫైలు కనబడలేదు. విచారణ మొదలు కాకముందే అందరి చూపూ ఒక ముస్లిం అటెండరు మీద పడింది. పేద మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, వణికిపోయాడు. నేను రిజిస్టరు తెరిచి పైవారి ముందు పెట్టాను. చివరి సంతకం ఒక అధికారిది. ఆ సాయంత్రానికి ఫైలు ఆయన ఇంటి బీరువా నుంచి వచ్చింది. అటెండరుకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు, కాని అతని ఉద్యోగం నిలిచింది. ఆనాడు అతనిని కాపాడింది నా మంచితనం కాదు, ఆ రిజిస్టరు. బలవంతుడికి పలుకుబడి అండ. బలహీనుడికి రాతకోతలే అండ.

నేటి కంప్యూటర్లలో ఆ రిజిస్టరు పేరు లాగ్. ఎవరి లాగిన్‌తో, ఏ సమయాన, ఏ దస్త్రం తెరిచారో అది రాసిపెడుతుంది. ఇలాంటి లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలని సర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడటాన్ని 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం శిక్షార్హం చేసింది. సాధనాలున్నాయి, చట్టమూ ఉంది. వాటిని వాడడం మాని, ముఖాలు చూసి మనుషులను వడపోయడం ఎందుకు?

ఆ వడపోత కేవలం మన ఊహ అనేవారికి రెండు లెక్కలు. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో, జనాభాలో 13.4 శాతమున్న ముస్లిములు తాను పరిశీలించిన ప్రభుత్వ ఉద్యోగాల్లో 4.9 శాతమే ఉన్నారని తేల్చింది. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతుగా తేలింది. అంటే గేటు దాకా చేరినవాడే అరుదు. చేరినవాడిని కూడా కారణం చెప్పకుండా వెనక్కి పంపితే ఇక మిగిలేదెవరు? పెనుకొండ పక్కన కార్ల కర్మాగారం వచ్చింది. పాలసముద్రం వద్ద 2024 జనవరిలో కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ ప్రారంభమైంది. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ ఉంది. రేపటి జీవనోపాధి గేటు లోపలే ఉంది. మన పిల్లలు ఎప్పటికీ గేటు బయటి బండ్ల దగ్గరే నిలబడాలా?

ఇతరులను నిలదీసిన నోటితోనే మనలను మనం కూడా నిలదీసుకోవాలి. వక్ఫ్ ఆస్తుల నమోదుకు 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ ప్రారంభించింది. ఆ చట్టంపై మన అభ్యంతరాలు మనకున్నాయి, వాటిని వదులుకోనక్కరలేదు. కాని పోర్టల్‌లో మూడంచెల పద్ధతి ఉంది: ముతవల్లి వివరాలు ఎక్కిస్తాడు, వేరొకరు సరిచూస్తారు, ఇంకొకరు ఆమోదిస్తారు. ఒకే చేయి మూడు పనులూ చేయకూడదన్న సూత్రం మంచిదే. మనం చేసిందేమిటి? గడువు ముంచుకొచ్చిన రోజుల్లో హిందూపురంలో ఒక ముతవల్లి సాహెబు గారికి సాయం చేయబోతే, ఆయన లాగిన్ నెట్ సెంటర్ కుర్రవాడి ఫోను నంబరుతో నమోదై ఉంది. ఓటీపీ అతనికే వస్తుంది, పాస్‌వర్డు గోడమీద చీటీలో ఉంది. పూర్వీకులు దైవమార్గంలో వదిలిన భూమి వివరాలను రేపు ఎవరైనా మార్చితే, రికార్డులో ఉండేది ముతవల్లి పేరే. బీరువా తాళంచెవి పరాయివాడికి ఇవ్వని మనిషి, ఓటీపీని ఎలా ఇచ్చాడు?

మక్కా విజయం రోజున కాబా తాళంచెవి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చేతికి వచ్చింది. ఆయన సొంత బంధువులే ఆ బాధ్యత తమకు ఇమ్మని కోరారు. ఆయన మాత్రం అంతకుముందు నుంచి ఆ బాధ్యత నిర్వహిస్తున్న ఉస్మాన్ బిన్ తల్హాకే దానిని తిరిగి అప్పగించారు. నేటికీ ఆ తాళంచెవి ఆ వంశం వద్దనే ఉంది. తాళంచెవి అమానతు. దానిని బంధుత్వం చూసి ఇవ్వకూడదు, వంశం చూసి లాక్కోకూడదు.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఏ సంస్థ అయినా లోపలికి అనుమతించే నియమాలను రాసి అందరికీ తెలపాలి. అవి చేసే పనిని బట్టి ఉండాలి. ఎవరినైనా ఆపితే కారణాన్ని, గడువును కాగితం మీద ఇవ్వాలి, పై అధికారికి మొరపెట్టుకునే దారి చూపాలి. ఉద్యోగం మానినవాడి కార్డు, లాగిన్ ఆ రోజే రద్దు కావాలి. పై అధికారి రాకపోకలు కూడా అందరివలెనే నమోదు కావాలి. ప్రభుత్వోద్యోగాల్లో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. ప్రైవేటు గేటుకూ ఆ న్యాయం వర్తించేలా చట్టం తెమ్మని మన ప్రతినిధులను అడగాలి.

ఇక మన వంతు. గేటు దగ్గర ఆగిపోయిన ప్రతి పిల్లవాడూ తేదీ, సమయం, చెప్పిన మాట అదే రోజు రాసి పెట్టుకోవాలి; లిఖితపూర్వకంగా కారణం అడగాలి. ప్రతి మస్జిదు కమిటీ తన లాగిన్ ఎవరి నంబరు మీద ఉందో ఈ వారమే చూసుకోవాలి. ధర్మవరం కుర్రవాడి తరఫున రాసిన దరఖాస్తు నకలు, రసీదు నా దగ్గరున్నాయి. జవాబు వచ్చేదాకా ప్రతి నెలా ఇంకొకటి పంపుతూనే ఉంటాను.