‘పెళ్లయిందా?’ అనేది కులం ప్రశ్న కూడా

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఒక దళిత స్త్రీ. ముప్పై దాటాయి. పొత్తికడుపు నొప్పితో ఆసుపత్రికి వెళ్లిందనుకుందాం. పేరు అడుగుతారు. ఊరు అడుగుతారు. కాలనీ పేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది. తర్వాతి ప్రశ్న: ‘పెళ్లయిందా?’

ఆమె ప్రేమించేది మరో స్త్రీని. ఏం చెప్పాలి? కాలేదంటే లోపలి పరీక్ష నీకెందుకంటారు. అయిందంటే మొగుడేడీ, పిల్లలేరీ అంటారు. నిజం చెబితే ఆమె ఇల్లు చేరేలోపే ఆ మాట ఊరు చేరుతుందన్న భయం. చివరికి అసలు వెళ్లడమే మానేస్తుంది. లోపల జబ్బు ముదురుతుంది.

నేను తెలుగు పాఠాలు చెప్పేదాన్ని, డాక్టర్ని కాదు. కానీ ఒక ప్రశ్న ఎవరిని బయటికి గెంటుతుందో నాకు అర్థమవుతుంది. మగవాడితో సంబంధం లేకపోతే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాదన్నది అపోహ. దానికి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ స్త్రీ నుంచి స్త్రీకీ సోకుతుంది. వైరస్ పెళ్లి శుభలేఖ అడగదు.

పరస్పర అంగీకారంతో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. ‘మార్చేస్తాం’ అంటూ చేసే కన్వర్షన్ థెరపీ వైద్యులకు వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. అదే కమిషన్ 2024లో ఎంబీబీఎస్ ఫోరెన్సిక్ పాఠాల్లో లెస్బియన్ సంబంధాన్ని మళ్లీ ‘అసహజ నేరాల’ జాబితాలో పెట్టింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. రేపటి డాక్టర్లకు మనం నేర్పబోయింది ఇదీ!

‘ఇది నగరాల్లో పైకులాల గోల, మనకు కూలి, భూమి ముఖ్యం’ అనే మిత్రులకు ఒక మాట. డబ్బున్నామె విశాఖలో ప్రైవేటు డాక్టరు దగ్గర గోప్యత కొనుక్కుంటుంది. మన అమ్మాయికి ప్రభుత్వాసుపత్రే దిక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చదవండి. వైద్యంలో వివక్ష కూడదంటూ లైంగిక ధోరణినీ కులాన్నీ ఒకే వాక్యంలో పెట్టింది. చట్టం కలిపినదాన్ని మనం ఎందుకు విడదీస్తున్నాం? కులానికి ప్రాణం సొంత కులంలో పెళ్లేనని అంబేడ్కర్ 1916లోనే తేల్చారు. ఆడదాని ఒంటిని పెళ్లితో కొలిచే ప్రతి ప్రశ్నా ఆ కాపలాలో భాగమే.

విద్యార్థులారా, సోమవారం గ్రీవెన్స్‌కి ఒక అర్జీ పట్టుకెళ్లండి. తలుపు వేసి అడగమనండి. పెళ్లి గురించి కాదు, ఆరోగ్యానికి అవసరమైనదే అడగమనండి. ‘భర్త పేరు’ బదులు ‘దగ్గరివారి పేరు’ రాయమనండి. 30 నిండిన ప్రతి స్త్రీకీ, పెళ్లితో పని లేకుండా, క్యాన్సర్ పరీక్ష చేయమనండి.

ఇవి పైసా ఖర్చు లేని మార్పులు కావు, సిబ్బందికి శిక్షణ కావాలి. అడగాల్సింది మనమే.

జై భీమ్.