ఫిర్యాదు సంఖ్య ఇవ్వండి

రాజాంలో మా వీధి చివర ఉండే మామ్మగారు ఒకనాటి ఉదయం తన చిన్న బొత్తాల ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. "నానేటీ నొక్కనేదు బాబూ, మొన్న ఏయించిన డబ్బులేటైపోనాయి?" అన్నారు. చూడగా, ఆమె ఎన్నడూ కోరని పాటల సేవ ఒకటి ఆమె పేర మొదలై, ముప్పై రూపాయలు మింగి కూర్చున్నది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

ముప్పై రూపాయలకు ఇంత రభస ఎందుకని మా ఇంట్లోనే అన్నారు. ఇటువంటి ముప్పైలు ఎన్ని లక్షల మంది వద్ద, వారికి తెలియకుండానే జారిపోతున్నాయో ఊహించుకుంటే ఆ మాట అనబుద్ధి కాదు. అడగని సేవకు డబ్బు కోయరాదని, చందాదారు విడిగా మరొకసారి అంగీకారం తెలిపిన తరువాతే దానిని మొదలుపెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలోనే ఆదేశించింది. 155223కు ఫోను చేసి అటువంటి సేవను ఆపించుకోవచ్చు. ఇది మామ్మగారికి ఎవరు చెప్పాలి? రీచార్జి కొట్టు గోడ మీద సినిమా తారల బొమ్మలు ఉన్నాయి గాని, ఈ సంఖ్య ఎక్కడా లేదు.

నేను కంపెనీవారి కేంద్రానికి ఫోను చేశాను. పావుగంట సంగీతం విన్న తరువాత ఒక అమ్మాయి పలికి, "చూస్తాము సార్" అన్నది. సామాన్యంగా మనమందరం ఇక్కడే ఫోను పెట్టేస్తాము. మన హక్కు జారిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే. 2012 నాటి నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇచ్చి తీరాలి. ఆ సంఖ్య ఉంటేనే, పరిష్కారం నచ్చనప్పుడు 30 రోజులలోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అధికారికి రుసుము లేకుండా చెప్పుకోగలము. ఆయన 39 రోజులలో తేల్చాలి. సంఖ్య లేనినాడు మనం ఫిర్యాదు చేసినట్లే కాదు. "ఫిర్యాదు సంఖ్య ఇవ్వండి" అని మూడుసార్లు అడిగితే గాని నాకు అది దక్కలేదు.

అక్కడా న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషను ఉన్నది. ఈ తలుపు కొంతకాలం మూసి ఉన్నదని చాలామందికి తెలియదు. కోళిక్కోడులో ఒక చందాదారుని ఫోనును బిల్లు కట్టలేదని తీసివేయగా, అక్కడి ఫోరం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 2009 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోని 7బి సెక్షను ప్రకారం ఇటువంటి తగవులు ప్రభుత్వం నియమించే మధ్యవర్తి వద్దకే పోవాలన్నది. తంతి తీగెల కాలంలో పుట్టిన చట్టం చేతిఫోను వాడే మనిషి దారికి అడ్డం పడింది. నా మటుకు అది అన్యాయమైన తీర్పుగానే తోచింది.

ఆ తలుపు తిరిగి పూర్తిగా తెరుచుకోవడానికి పన్నెండేళ్ళు దాటింది. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చే అహమ్మదాబాదు చందాదారు ఒకరికి ఒకే నెలలో 24,609 రూపాయల బిల్లు పడింది. ఆయన ఫోరానికి వెళ్ళగా ఆ వివాదం ఢిల్లీ దాకా నడిచింది. మధ్యవర్తి మార్గం ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషను అధికారం పోదని 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఆ హక్కును కాపాడింది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం నివసించే చోటనే దావా వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి పరుగెత్తనక్కరలేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటనంతవరకు రుసుము లేదు. గడువు రెండేళ్ళు.

ఇక ఫోను దుర్వినియోగం సంగతి. మా ప్రాంతంలో ఇది వలసతో ముడిపడిన విషయం. పనులకు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వెళ్ళేవారికి ఇంట్లో ఎవరో ఒకరి ఆధార్ మీద సిమ్ములు తీసి ఇవ్వడం ఇక్కడ మామూలు. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్ములు అమ్మే కుర్రవాడు "వేలు సరిగా పడలేదు, మళ్ళీ పెట్టండి" అంటే మారుమాట లేకుండా పెడతాము. ఆ రెండవ వేలిముద్రతో రెండవ సిమ్ము లేచి, అది ఎక్కడ ఏ మోసగాని చేతిలో పడుతుందో ఎవరికి ఎరుక? దాని నుండి ఎవరినైనా బెదిరిస్తే పోలీసులు మొదట వచ్చేది మన గుమ్మానికే.

మన పేర ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూపే టాఫ్‌కాప్ అనే ఏర్పాటు 2021లో మొదట మన ఉభయ తెలుగు రాష్ట్రాలకే, విజయవాడ టెలికాం అధికారుల చేతుల మీదుగా వచ్చింది. ఇప్పుడది సంచార్ సాథీలో భాగంగా దేశమంతటికీ ఉన్నది. మనది కాని సంఖ్యను అక్కడే తెలుపవచ్చు. మన రాష్ట్రంలో ఒకరి పేర తొమ్మిదికి మించి ఉండరాదు. మోసంతోనో, మరొకరి పేరు పెట్టుకునో సిమ్ము పొందినవారికి 2023 చట్టం మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా నిర్ణయించింది. నమోదు కాని అమ్మకందారు చేత సిమ్ములు అమ్మిస్తే కంపెనీకి పది లక్షల జరిమానా అని కూడా 2023లోనే నియమం వచ్చింది. శిక్షలకు కొదవ లేదు. అయితే ఆ సంచార్ సాథీని తెరిచి చూడడానికి మామ్మగారి బొత్తాల ఫోను పనికిరాదు. రక్షణ అవసరమైనవారి చేతిలో దానిని అందుకునే సాధనం లేకపోవడమే నాకు అభ్యంతరం. సిమ్ము అమ్మినప్పుడే, "ఈ వేలిముద్రతో నీ పేర ఇన్ని సంఖ్యలు ఉన్నాయి" అని తెలుగులో అచ్చు వేసిన చీటీ ఒకటి ఇవ్వడం కంపెనీలకు ఏమంత భారం?

బొబ్బిలి కోట కూలేనాటికి పాపారాయుడు ఈ రాజాంలోనే ఉన్నాడని, కబురు వేళకు అందలేదని మా పెద్దలు కథగా చెబుతారు. 1757 నాటి మాట. ఇప్పుడు కబుర్లకు కొరత లేదు. అప్పులు ఇస్తామని, లాటరీ తగిలిందని రోజంతా మోగుతూనే ఉంటాయి. 1909కు చెప్పి ప్రచారపు ఫోన్లను కొంత తగ్గించుకోవచ్చు. డబ్బే పోతే వెంటనే 1930కి చెప్పాలి.

మామ్మగారి పేర ఉన్న సంఖ్యలు నా ఫోనులో తెరిచి చూశాము. ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీని ఆమే ఒక్కొక్క అంకె చదివి చెప్పారు. మొత్తం నాలుగు. ఒకటి ఆమెది, రెండు హైదరాబాదులో ఉన్న కొడుకూ కోడలి దగ్గరివి. నాలుగవది ఎవరిదో ఆమెకు తెలియదు. అది తనది కాదని అక్కడే నమోదు చేయించాము. ముప్పై రూపాయలు తొమ్మిదవ రోజున తిరిగి జమ అయ్యాయి. నాలుగవ సంఖ్య ఇంకా ఆమె పేరనే కనబడుతున్నది.