తాబేలు దారి, మన పంచాంగం

2021లో ఒడిశాలోని గహీర్‌మథ వద్ద బిళ్ళ తగిలించిన ఆలివ్ రిడ్లీ తాబేలొకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది. తూర్పు సముద్రం నుండి పడమటి సముద్రానికి! ఆహా అనుకొని ఊరుకున్నాం.

జాడ తీసేది ఆశ్చర్యపోవడానికేనా? ఆంధ్ర తీరంలో ఇవి ముఖ్యంగా గుడ్లు పెట్టేది జనవరి నుండి మార్చి దాకా. వేట నిషేధమో, ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. అది చేపల కోసం వేసిన లెక్క. వలలో చిక్కిన తాబేలు పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చస్తుంది.

జాలరి పొట్ట కొట్టమనడం లేదు. అవి గుమిగూడే మేర, గుమిగూడే రోజులు తెలిస్తే మరపడవలను అక్కడే, అప్పుడే ఆపవచ్చు. ఆపినందుకు భృతి ఇవ్వాలి. మిగిలిన సముద్రం జాలరిదే. జాడ తెలిసీ చట్టం కదలకుంటే ఆ బిళ్ళ తాబేలుకు వట్టి బరువే.