బొమ్మ ఒంటిమీది బట్ట

1977 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో విలన్ డార్త్ వేడర్ కనిపించిన చోట పాజ్ చేసి చూడండి. నల్ల అంగీ అంచులు భుజాల కవచం మీదుగా కిందికి దిగుతాయి. 1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో కవచం పైకొచ్చింది, అంగీ దాని కిందికి పోయింది. థియేటర్లో చాలామంది పట్టించుకోని ఈ తేడా కోసం కొత్త వేడర్ బొమ్మ బట్టల కుట్లు ఊడదీసి మళ్లీ కుట్టేవాళ్లున్నారు. ఈ సంచిక వాళ్లది.

1978లో కెన్నర్ కంపెనీ అమ్మిన మూడుముప్పావు అంగుళాల వేడర్‌కు వినైల్ ముక్కే పైవస్త్రం. పిల్లలకు అది చాలింది. మనిషిలో ఆరో వంతుండే ఇప్పటి అడుగు ఎత్తు బొమ్మలతో అలా సరిపెట్టుకోలేం. చిక్కంతా బట్టతోనే. మనిషిని కుదించొచ్చు గానీ నేతను కుదించలేం కదా! సినిమాలో వాడిన రకం గుడ్డే తెచ్చి కుడితే బొమ్మ గోనెసంచి తొడుక్కున్నట్టుంటుంది. అందుకే పల్చటి గుడ్డ వెతుకుతారు. అది బిర్రుగా లేచి నిలబడకుండా అంచు మడతలో సన్నటి తీగ దూర్చి, మడతలు చేత్తో వంచుతారు. హీరో ల్యూక్ బొమ్మ చొక్కా మరీ తెల్లగా ఉంటే టీ డికాషన్‌లో ముంచి ఆరేస్తారు. మన ఇళ్లలో తిట్లు తినిపించే మరకే అక్కడ కావలసిన రంగు.

ఇంతా చేసి ఏ సినిమాలోని వేడర్ అసలైనవాడన్న పేచీ మాత్రం తెగదు. నా ఓటు 1977కే. చివరగా ఒక జాగ్రత్త: బట్టతో పాటు బొమ్మ తల కూడా మార్చాలనుకునేవాళ్లు ముందు హెయిర్ డ్రయ్యర్‌తో మెడ వేడిచేయండి. చల్లగా ఉన్నప్పుడు లాగితే కీలు విరుగుతుంది.