అమ్మకానికి రాజబాట, వాపసుకు ముళ్లబాట

విదేశాలకు సరుకు అమ్మి డాలర్లు ఆర్జించే వ్యాపారిని దేశానికి మేలు చేస్తున్నవాడని పాలకులు కీర్తించడం పరిపాటి. అదే వ్యాపారి, సరుకు చేరలేదనో, పాడయిందనో, నచ్చలేదనో ఫిర్యాదు చేసిన కొనుగోలుదారునికి ఆ డాలర్లను తిరిగి చెల్లించవలసి వచ్చినప్పుడు మాత్రం మన నిబంధనలు అతనిని అనుమానంగా చూస్తాయి. ఇంటర్నెట్ ద్వారా విదేశీయులకు చిల్లరగా సరుకు అమ్మే చిన్న వ్యాపారులు ఊరూరా పుట్టుకొస్తున్న ఈ రోజుల్లో, ఎగుమతుల పెంపుదల గురించి జరుగుతున్న చర్చలో పదో వంతు కూడా ఈ వాపసుల గురించి జరగకపోవడం శోచనీయం.

2025లో జరిగినదానిని ఒకసారి గుర్తుచేసుకొందాం. 800 డాలర్ల లోపు విలువగల పార్సిళ్లకు అమెరికా ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపు ఆ ఏడాది ఆగస్టు 29న అన్ని దేశాలకూ రద్దయింది. అంతకు రెండు రోజుల ముందే అనేక భారతీయ వస్తువులపై సుంకం 50 శాతానికి చేరింది. ఆ సుంకాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా వసూలు చేయాలో తేలకపోవడంతో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్ల స్వీకరణను చాలా మేరకు నిలిపివేసింది. అక్టోబరు 15న గాని దానిని పునరుద్ధరించలేదు. న్యూజెర్సీలోనూ డల్లాస్‌లోనూ ఉన్న తెలుగు కుటుంబాలు దసరా, దీపావళి పండుగల కోసం పోచంపల్లి చీరలకు, పెడన కలంకారీ వస్త్రాలకు ఆర్డర్లు ఇచ్చే కాలం సరిగ్గా అదే. చేరని సరుకుకు సొమ్ము తిరిగి ఇవ్వాలి. గుమ్మం ముందుకు వచ్చాక సుంకం కట్టబోమని తిప్పివేసిన సరుకుకూ చాలా సందర్భాలలో ఇవ్వక తప్పదు. తాను పంపలేకపోయిన పార్సిళ్ల తపాలా రుసుమును వాపసు ఇస్తామని తపాలా శాఖ ప్రకటించింది. సంతోషమే గాని, వ్యాపారికి వచ్చిన నష్టంలో అది ఒక భాగం మాత్రమే.

మిగిలిన భాగం ఎక్కడున్నదో తెలియాలంటే కాస్త లెక్క వేయాలి. 2025 జూలైలో డాలరు విలువ సుమారు 86 రూపాయలు. సెప్టెంబరు మొదటి వారానికి 88 దాటింది. జూలైలో 100 డాలర్లకు ఒక చీర అమ్మిన వ్యాపారికి 8,600 రూపాయలు రావాలి. అయితే చెల్లింపు సంస్థ గాని, బ్యాంకు గాని బజారు ధరకు డాలర్లు కొనదు. రెండు శాతం తగ్గించి కొన్నదనుకొంటే చేతికి వచ్చేది 8,428 రూపాయలు. సెప్టెంబరులో ఆ సొమ్ము వాపసు చేయవలసి వచ్చింది. కొనుగోలుదారు అడిగేది 100 డాలర్లే, అందులో అన్యాయమేమీ లేదు. ఆ డాలర్లను 88 రూపాయల ధరపై మరో రెండు శాతం కలిపి కొంటే 8,976 రూపాయలవుతుంది. అంటే ఒక్క చీర మీద మారకంలోనే 548 రూపాయలు హరించుకుపోయాయి. అమ్మినప్పుడు చెల్లింపు సంస్థ మినహాయించుకొన్న కమిషన్, రానుపోను రవాణా ఖర్చు దీనికి అదనం. కమిషన్ శాతం ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధంగా ఉంటుంది గనుక రెండు శాతాన్ని ఉదాహరణగానే తీసుకోవాలి. రూపాయి బలపడినప్పుడు వాపసులో వ్యాపారికి కొంత మిగిలే మాటా నిజమే. కాని 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించిన నాటి నుంచి, 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటిన నాటి వరకు మన రూపాయి నడక ప్రధానంగా ఏ దిశగా సాగిందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ బెడద నుంచి తప్పించుకోవడానికి కొందరు వ్యాపారులు ధరను రూపాయలలోనే ప్రకటిస్తున్నారు. అప్పుడు వాపసు కూడా రూపాయలలోనే వెళుతుంది, మారకపు నష్టం కొనుగోలుదారు నెత్తిన పడుతుంది. వంద డాలర్లు ఇచ్చినవారికి కార్డు ఖాతాలో తొంభై ఆరో, తొంభై ఏడో తిరిగి వస్తాయి. మిగిలినది వ్యాపారి కాజేశాడని అనుకోవడం మానవ సహజం. వివాదం కార్డు జారీ చేసిన బ్యాంకుకు ఎక్కితే వ్యాపారి జరిమానా రుసుముతో సహా చెల్లించుకోవలసి రావచ్చు. పైగా యూరప్ దేశాలలో, ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును కారణం చెప్పకుండానే 14 రోజులలోగా వద్దనే హక్కు వినియోగదారునికి ఉంది. కొనుగోలుదారు ఏ విధంగా చెల్లించాడో ఆ విధంగానే సొమ్ము తిరిగి ఇవ్వాలని 2011 నాటి యూరోపియన్ వినియోగదారుల హక్కుల శాసనం నిర్దేశిస్తున్నది. మనవారు అక్కడ దుకాణం తెరిచినట్లే లెక్క గనుక ఆ పద్ధతికి కట్టుబడక తప్పదు.

కరెన్సీ కుప్పకూలితే ఈ నష్టం ఎంతవరకు పోగలదో పొరుగున ఉన్న శ్రీలంక అనుభవం చూపుతుంది. 2022 మార్చి ఆరంభంలో డాలరుకు సుమారు 200గా ఉన్న అక్కడి రూపాయి మే నెలకు 360 దరిదాపులకు పడిపోయింది. ఫిబ్రవరిలో అమ్మిన సరుకు సొమ్మును వెంటనే స్థానిక రూపాయలలోకి మార్చుకొని, మేలో వాపసు ఇవ్వవలసి వచ్చిన వ్యాపారి తనకు వచ్చినదానికి ఇంచుమించు 1.8 రెట్లు చెల్లించుకోవాలి. మన పరిస్థితి అటువంటిది కాదు, కాబోదనే ఆశిద్దాం.

అసలు డాలర్లను డాలర్లుగానే కొంతకాలం అట్టిపెట్టుకొంటే ఈ గొడవ ఉండదు గదా అని పాఠకులకు అనిపించవచ్చు. మన నిబంధనలు సరిగ్గా దానికే అడ్డుపడుతున్నాయి. ఆన్‌లైన్ చెల్లింపు సంస్థల ద్వారా వచ్చిన ఎగుమతి సొమ్మును ఏడు రోజులలోగా వ్యాపారి ఖాతాకు చేర్చాలని రిజర్వుబ్యాంకు 2010లోనే షరతు పెట్టింది. విదేశీ మారకద్రవ్యం ఆర్జించేవారు ఈఈఎఫ్‌సీ ఖాతాలో డాలర్లు ఉంచుకోవచ్చు. అయితే ఒక నెలలో జమ అయిన సొమ్మును మరుసటి నెలాఖరుకు రూపాయలలోకి మార్చివేయాలని 2012లో గడువు విధించారు. ఆ ఖాతాపై వడ్డీ కూడా రాదు. విశాఖ నుంచో వరంగల్ నుంచో పోయిన పార్సిలు తపాలాలో అమెరికా చేరి, తిరస్కరణకు గురై, వెనక్కి రావడానికి పట్టే కాలం ఈ గడువులకు లోబడి ఉంటుందా? పెద్ద ఎగుమతిదారులు ముందస్తు ఒప్పందాల ద్వారా రాబోయే డాలర్ల ధరను బ్యాంకుతో ముందే ఖరారు చేసుకొంటారు. వంద డాలర్ల చీరకు అటువంటి ఒప్పందం రాసే బ్యాంకు ఎక్కడ?

సొమ్ము నేరుగా బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే చిక్కు మరింత ముదురుతుంది. ఎగుమతి సొమ్ము వాపసుకు రిజర్వుబ్యాంకు ఆదేశాలలో ఉన్న ప్రాతిపదిక ఏమిటంటే, సరుకు నాణ్యత లేక వెనక్కి వస్తూ ఉండాలి. సొమ్ము పంపిన మూడు నెలలలోగా ఆ సరుకును తిరిగి దిగుమతి చేసుకొంటానని ఎగుమతిదారు హామీ ఇవ్వాలి. పొందిన ప్రోత్సాహకాలను వదులుకోవాలి. 2020 డిసెంబరులో దీనిని కొంత సడలించి, విదేశంలో అధికారులు వేలం వేసిన లేదా ధ్వంసం చేసిన సరుకుకు, చెడిపోయే సరుకుకు తగిన ఆధారాలు చూపితే తిరుగు దిగుమతి అవసరం లేదన్నారు. ఓడలలో పోయే కంటైనర్లను దృష్టిలో పెట్టుకొని రాసిన నిబంధన ఇది. వెయ్యి రూపాయల కొండపల్లి బొమ్మ దారిలో విరిగితే ఆ ముక్కలను వెనక్కి తెప్పించడానికి బొమ్మ ఖరీదుకు మించి ఖర్చవుతుంది. ముక్కలు పారేయండి, మీ సొమ్ము పంపుతామని చెప్పడమే వ్యాపార ధర్మం. ఆ ధర్మానికి మన పత్రాలలో గడి లేదు. చాలామంది తర్వాతి అమ్మకాల నుంచి సొమ్ము మినహాయింపజేసో, బదులు బొమ్మ పంపించో సర్దుకుపోతున్నారు. అప్పుడు ఎగుమతి పత్రంలోని మొత్తానికి, ఖాతాలో పడిన మొత్తానికి పొంతన కుదరక బ్యాంకు నుంచి తాఖీదులు వస్తాయి.

ఈ కట్టుబాట్లకు కారణం లేకపోలేదు. సరుకు పంపినట్లు కాగితాలు సృష్టించి ప్రోత్సాహకాలు దండుకోవడం, వాపసు పేరిట సొమ్మును దేశం దాటించడం మన దేశంలో విననివి కావు. తలుపులు బార్లా తెరవమని ఎవరూ అడగడం లేదు. కాని సొమ్ము ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే, వచ్చిన మొత్తానికి మించకుండా, నిర్ణీత కాలంలోనే తిరిగి వెళ్లేటప్పుడు అందులో మోసానికి చోటు తక్కువ. అడుగడుగునా కంప్యూటర్లలో జాడ మిగిలే లావాదేవీ ఇది.

గమనింపదగిన విషయం ఏమిటంటే, అమ్మకం వైపు ప్రభుత్వమూ, రిజర్వుబ్యాంకూ ఉదారంగానే ఉన్నాయి. చెల్లింపు సంస్థల ద్వారా స్వీకరించగల మొత్తం 2010లో 500 డాలర్లు ఉండగా 2013లో 10,000 డాలర్లయింది. 2023లో దానిని వస్తువొక్కింటికి 25 లక్షల రూపాయలు చేశారు. పది లక్షల రూపాయలకు మించని ఎగుమతి బిల్లులను వ్యాపారి స్వయంప్రకటన ఆధారంగానే ముగించవచ్చునని 2025 అక్టోబరులో అంగీకరించారు. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ బ్యాంకులలో ఖాతా ఉన్న ఎగుమతిదారులు డాలర్లను నెల రోజులకు బదులు మూడు నెలలు ఉంచుకోవచ్చునని అప్పుడే ప్రకటించారు. అక్కడ ఖాతా తెరవగల స్తోమత ఉన్నవారికి మూడు నెలలు, పెడనలో దుకాణం నడిపేవారికి మరుసటి నెలాఖరు!

ఆ మూడు నెలల గడువును ఏ ఊరి బ్యాంకులోనైనా ఈఈఎఫ్‌సీ ఖాతా ఉన్న చిన్న ఎగుమతిదారునికి కూడా, కనీసం అతని అమ్మకాలలో కొంత శాతం మేరకైనా, వాపసుల నిధిగా వర్తింపజేయాలి. బిల్లుల ముగింపుకు పనికివచ్చిన స్వయంప్రకటనను, ఒక చిన్న పరిమితి లోపు వాపసులకూ అంగీకరించి తిరుగు దిగుమతి షరతును తొలగించాలి. ఇందుకు ఖజానా నుంచి ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఇప్పుడు ఆ ఖర్చు పడుతున్నది వ్యాపారి మీద. అతడు దానిని వచ్చే పండుగకు చీరలు కొనేటప్పుడు నేతగాని మజూరీలో కోసుకొంటాడు.