మణికట్టు మీది గడియారం ఎవరి పక్షం?

గడియారంతో కార్మికవర్గానికి ఉన్న పేచీ పాతది. 1974 మే నెలలో జరిగిన చారిత్రాత్మక రైల్వే సమ్మె కోర్కెలలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. ఆనాటి గడియారం మనం పనిచేసిన గంటలను మాత్రమే చూపేది. నేటి స్మార్టు గడియారం గుండె వేగాన్ని, నిద్రను, నడచిన దారిని, నిలిచిన చోటును కూడ నమోదు చేస్తున్నది. ఆ నమోదు ఎవరి చేతికి చేరుతున్నదనేది ఇకపై సర్వీసు నిబంధనలకు సంబంధించిన ప్రశ్న అని మేము భావిస్తున్నాము.

ఈ పరికరం పనితీరు తపాలా ఉద్యోగికి సులభంగానే బోధపడుతుంది. గడియారం సేకరించిన సమాచారం బ్లూటూత్ ద్వారా ఫోనుకు, ఫోనులోని యాప్ నుండి ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వరుకు చేరుతుంది. తపాలా సంచి చేతులు మారినట్లే ఇదీను. ఏ ఒక్క మజిలీలో సీలు సరిగా లేకపోయినా లోపలి ఉత్తరం భద్రం కాదు.

మొదటి మజిలీ బ్లూటూత్. రెండు పరికరాల మధ్య బ్లూటూత్ వేసే తాళాన్ని, 256 తాళంచెవులలో ఏదో ఒకటి తప్పక తెరువగలిగేంత బలహీనపరచవచ్చునని 2019లో పరిశోధకులు నిరూపించారు. దిద్దుబాట్లు వెలువడినవి. కాని తయారీదారు పట్టించుకోవడం మానివేసిన పరికరాలకు అవి చేరవు. చౌకగా కొన్న గడియారానికి అసలు వెల ఇక్కడ తెలుస్తుంది.

రెండవది యాప్. స్ట్రావా అనే వ్యాయామ సంస్థ 2017 నవంబరులో తన వినియోగదారుల నడక, పరుగుల పటాన్ని ప్రచురించింది. అఫ్ఘానిస్తాన్, సిరియాలలోని సైనిక స్థావరాల రూపురేఖలు అందులో బయటపడిన సంగతి 2018 జనవరిలో లోకానికి తెలిసింది. ఎవరూ తాళం పగులగొట్టలేదు. సైనికులే తెలియక పంచుకున్న సమాచారమది.

మూడవది సర్వరు. 2020 జులైలో గార్మిన్ సంస్థపై దాడి జరిగి, దాని సేవలు కొన్ని దినాలపాటు స్తంభించినవి. తమ శరీరపు లెక్కలు తామే చూసుకోలేని స్థితి వినియోగదారులకు ఏర్పడింది.

ఇవి వెలుపలి ప్రమాదాలు. యాజమాన్యమే తొడిగించే పరికరం విషయమేమి? 2020లో చండీగఢ్ పారిశుధ్య కార్మికులకు జి.పి.ఎస్. గడియారాలు ఇచ్చినపుడు, అవి తమ ఏకాంతాన్ని హరిస్తాయని వారు ఆందోళన చెందారు. రైల్వేలలో పట్టాల గస్తీ సిబ్బందికి కూడ జి.పి.ఎస్. పరికరాలు వచ్చినవి. మేము పరికరానికి విరోధులము కాము. అర్ధరాత్రి ఒంటరిగా పట్టాల వెంట నడిచే సోదరుడు ఆపదలో పడితే అతని ఉనికి తెలియడం మేలే. కాని ఆపదలో ఆదుకొనుటకు ఇచ్చిన పరికరం చార్జిషీటుకు సాక్ష్యంగా మారరాదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. అయినను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 7వ సెక్షను, ఉద్యోగ సంబంధమైన అవసరాలకు సమ్మతి లేకుండానే సమాచారాన్ని వినియోగించుకొనే వెసులుబాటును యజమానికి కల్పించింది. చట్టం వదలిన ఈ ఖాళీని పూరించవలసినది సంఘమే.

కనుక మేము కోరుతున్నది ఇది: పరికరం ఏమి నమోదు చేస్తుందో, ఎక్కడ, ఎంతకాలం దాచబడుతుందో, ఎవరు చూస్తారో ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. డ్యూటీ ముగియగానే నమోదు ఆగాలి. భద్రతా దిద్దుబాట్లు అందించే బాధ్యత యాజమాన్యానిదే కావాలి. ఆ సమాచారం క్రమశిక్షణా చర్యలకు ఆధారం కారాదు.

స్వంత గడియారం కట్టుకొనేవారు కూడ కొన్ని జాగ్రత్తలు పాటించవలసి ఉన్నది. వెలువడిన అప్‌డేటును వెంటనే వేసుకోవాలి. తాము కోరకుండా వచ్చిన జత అభ్యర్థనను అంగీకరించరాదు. గడియారానికి లాకు పెట్టాలి, బ్యాంకు ఓ.టి.పి. సందేశాలు దాని తెరపై కనబడకుండా చేయాలి. యాప్ కోరే అనుమతులలో అవసరం లేనివి నిరాకరించాలి. నడకదారి పటాలను బహిరంగపరచరాదు. అమ్మే ముందు, ఇతరులకు ఇచ్చే ముందు లోపలి సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయాలి.

ఇవన్నీ చేసినా ఒంటరి ఉద్యోగి జాగ్రత్తకు హద్దు ఉన్నది. యాజమాన్యం ఇచ్చిన పరికరంపై సంతకం చేసే ముందు షరతుల కాగితాన్ని అడగవలసినది శాఖ యావత్తూ కలిసి. ప్రతి శాఖా తన తదుపరి సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము. పనిగంటలను మనం యాజమాన్యానికి అమ్ముకున్నాము. గుండె చప్పుడును అమ్ముకోలేదు.